సత్యపీఠం మీద నాన్న

"నాన్నా, కత్తెర" అంది పెద్దది చెయ్యి చాపి.

నేను ఇవ్వలేదు. బల్ల మీద ఉన్నది పుస్తకం. పల్చటిదే, కానీ పుస్తకం. నున్నటి కాగితం, రంగు బొమ్మలు, నిన్న సాయంత్రమే కొన్నాం. దాన్ని కత్తిరించాలట. పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకున్న ఇంట్లో పెరిగినవాణ్ణి. ఏడాది పొడవునా అట్టలేసి కాపాడిన పాఠ్యపుస్తకాల్ని ఎండాకాలం సెలవుల్లో వెనక క్లాసు పిల్లలకి సగం ధరకి అమ్మినవాణ్ణి. కత్తెర వెనక దాచి, "ముందు కత్తిరించకుండా చెయ్యచ్చేమో చూద్దాం" అన్నాను.

"రూల్సులోనే ఉంది కదా" అని చిన్నోడు కాగితం తెచ్చి చూపించాడు. ఉంది. మడవచ్చు, రాయచ్చు, చింపచ్చు, కత్తిరించచ్చు అని నాక్కూడా అర్థమయ్యేంత తేలిక జర్మన్‌లో రాసి ఉంది. "ఒక్కసారి ఆడి పారేసేదానికి పదిహేను యూరోలా?" అని వంటింట్లోంచి మా ఆవిడ. అది రెండో దెబ్బ.

ఆ ఆట పేరు ఎగ్జిట్. గదిలో పెట్టి తాళం వేస్తారు, గంటలో పజిల్స్ విప్పుకుని బయటపడాలి, అలాంటి ఎస్కేప్ రూములు మన హైదరాబాద్‌లో కూడా వచ్చాయి కదా. 2007లో జపాన్‌లోని క్యోటోలో మొదలైన సరదా అది. ఆ గదిని చిన్న అట్టపెట్టెలోకి కుదించి భోజనాల బల్ల మీదకి తెచ్చింది ఇన్కా, మార్కుస్ బ్రాండ్ అనే జర్మన్ దంపతులు. 2016లో మొదటి పెట్టెలు వచ్చాయి, 2017లో వాటికి ఇక్కడ ఆటలకిచ్చే పెద్ద బహుమతుల్లో ఒకటి, కెన్నర్‌ష్పీల్, వచ్చింది. వేసిన కంపెనీ కోస్మోస్‌ది మేముండే స్టుట్‌గార్టే. 1822 నుంచి ఉన్న ప్రచురణ సంస్థ. కటాన్ అనే పేరున్న ఆట కూడా వాళ్ళదే. తెనాలి పక్క పల్లెవాణ్ణి, ఇలా ఆటలు అచ్చువేసే ఊళ్ళో వచ్చి పడ్డాను. ఇక్కడ ఆదివారం కొట్లుండవు, డిసెంబర్‌లో నాలుగున్నరకే చీకటి. పై ఫ్లోర్‌లో ఎవరైనా డ్రిల్లింగ్ మెషిన్ ఆన్ చేస్తే అందరూ కిటికీల్లోంచి తలలు పెడతారు. పిల్లల్ని ఏం చెయ్యాలి? అందుకే ఇక్కడ ప్రతి ఇంట్లో ఒక అలమారా నిండా ఆటల పెట్టెలుంటాయి.

ఆ రోజు బల్ల మీదున్నది 2022లో వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ పెట్టె. సినిమాలు మూడూ పిల్లలు చూశారు, చిన్నోడైతే కొన్ని యుద్ధాలు రెండుసార్లు. పెట్టె మీద పదేళ్ళు దాటినవాళ్ళకి అని ఉంది. వాడికి తొమ్మిది. ఆ విషయం ఎవరూ ఎత్తలేదు.

ఇందులో మనలో మనకి పోటీ ఉండదు. గెలిస్తే అందరం, ఓడితే అందరం. ప్రతి పజిల్‌కీ జవాబు మూడంకెలు. ఒక అట్ట చక్రం తిప్పి ఆ మూడూ పెడితే చిన్న కిటికీలో ఒక నంబరు కనిపిస్తుంది. ఆ నంబరు కార్డు తీస్తే తప్పో, ఇంకొంచెం ముందుకెళ్ళచ్చో తెలుస్తుంది. ఎక్కడైనా చిక్కుకుపోతే సాయం కార్డులున్నాయి, పజిల్‌కి మూడేసి. మొదటిది ఏయే వస్తువులు కావాలో చెప్తుంది, రెండోది దారి చూపిస్తుంది, మూడోది జవాబే చెప్పేస్తుంది. పిల్లలు తొందరపడి చూసేస్తారని ఆ కట్ట నా దగ్గర పెట్టుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఆట లోపల ఏముందో చెప్పను, ఒకసారి చెప్తే మీ పదిహేను యూరోలు పోతాయి. కానీ నా పరిస్థితి చెప్పాలి. ఆఫీసులో అంతా ఇంగ్లీషు. నా జర్మన్ బ్యాంకులో, డాక్టరు దగ్గర, పిల్లల స్కూలు మీటింగులో మొదటి పది నిమిషాలు సరిపోతుంది. ఈ ఆటల్లోనేమో ఒక్కోసారి పజిల్ మాటలోనే ఉంటుంది. జర్మన్ మాటలు రైలు పెట్టెల్లా ఒకదానికొకటి తగిలించి ఉంటాయి కదా, ఎక్కడ విడదీస్తే ఏమవుతుందో దానితోనే ఆట. పెద్దది చదువుతూనే నవ్వింది. చిన్నోడికి రెండు క్షణాల తర్వాత నవ్వొచ్చింది. నేను, మా ఆవిడ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "అంటే ఏంటి?" అన్నాను. "అది చెప్తే నవ్వు రాదు నాన్నా" అంది పెద్దది, జాలిగా.

ఆ జాలి నాకు నచ్చలేదు. లెక్కల్లో ఊరికే మార్కులొచ్చినవాణ్ణి, ఇంజినీరుని, పిల్లల హోంవర్కు ఇంటి జడ్జిని. తర్వాతి పజిల్ దగ్గర ముగ్గురూ బుర్రలు గోక్కుంటుంటే, టీ పెట్టుకొస్తానని లేచాను. సాయం కార్డుల కట్ట నా చేతిలోనే ఉంది. అయిదు నిమిషాలకి టీ గ్లాసులతో వచ్చి, కాసేపు ఆలోచించినట్టు కాగితం అటూ ఇటూ తిప్పి, "ఇలా మడిస్తే?" అన్నాను. మడత సరిగ్గా కుదిరింది. చిన్నోడు నా మెడకి వేలాడాడు. చాలా రోజుల తర్వాత.

రెండోది స్టార్ వార్స్. అన్‌లాక్ అనే ఫ్రెంచ్ సిరీస్‌లో 2020లో వచ్చిన పెట్టె, మూడు కథలు. ఒకదాంట్లో మనం తిరుగుబాటుదార్లం, ఒకదాంట్లో స్మగ్లర్లం, ఇంకోదాంట్లో సామ్రాజ్యం తరఫు మనుషులం. ఇందులో చింపడం, కత్తిరించడం లేవు. మొత్తం కార్డులే, ఫోన్‌లో యాప్ గంట లెక్కపెడుతూ ఉంటుంది. ఎర్ర అంకె కార్డుకీ నీలం అంకె కార్డుకీ లంకె ఉందనుకుంటే రెండంకెలూ కూడి, ఆ మొత్తం ఉన్న కార్డు తియ్యాలి. ఆడేశాక పెట్టె మళ్ళీ సర్ది ఇంకొకరికి ఇచ్చేయచ్చు. మా ఆవిడకి ఈ కంపెనీ మీద వెంటనే గౌరవం కలిగింది.

మొదటి స్టార్ వార్స్ 1977లో వచ్చింది. అదే ఏడు మనకి అడవి రాముడు, దానవీరశూరకర్ణ వచ్చాయి. మా నాన్న వాటి గురించి చెప్పినంత చెప్పాడు, అంతరిక్షం మా ఊరి టూరింగ్ టాకీస్ దాకా రాలేదు. ఇక్కడ ఆఫీసులో నలభై దాటిన ప్రతివాడూ ఆ సినిమా తన బాల్యమన్నట్టే మాట్లాడతాడు. ఆట ఆడే ముందు తెలుసుకోవాలని పిల్లలు నన్ను సోఫాలో కూర్చోబెట్టి చూపించారు. చూశానంటే, మొదటి అరగంట చూశాను. నిజానికి ఈ సినిమా ఆటల్లో పజిల్ విప్పడానికి సినిమా తెలియనక్కర్లేదు, కావాల్సినవన్నీ పెట్టెలోనే పెడతారు. కాకపోతే కార్డు తిప్పగానే పిల్లలు "ఆఁ" అంటారు, మనం అనం. అంతే తేడా. కానీ గంటసేపు బల్ల దగ్గర అనలేకపోతే ఆ తేడా పెద్దదే అవుతుంది.

ఇంట్లో తెలుగే మాట్లాడాలని మా రూలు. మామూలప్పుడు బానే నడుస్తుంది, పిల్లలిద్దరే ఉన్నప్పుడు గదిలోంచి ఏం వినబడుతుందో పట్టించుకోం. యాప్‌లో పదిహేను నిమిషాలు మిగిలేసరికి రూలు ఎగిరిపోయింది. వాళ్ళు జర్మన్‌లో అరుచుకుంటున్నారు, నేను తెలుగులో, మా ఆవిడ కూడికలు తెలుగులో వేళ్ళ మీద. అప్పుడే చిన్నోడు "జీబెన్ ఉంట్ ఫీర్త్సిష్!" అని కేకేశాడు. జర్మన్‌లో అంకెలు వెనక నుంచి చదువుతారు, నలభై ఏడుని ఏడూ-నలభై అంటారు. పన్నెండేళ్ళుగా ఉంటున్నా టెన్షన్‌లో నా చెవికి ముందు వినబడిందే ముందుంటుంది. 74 కోసం కట్టంతా వెతికాను. లేదు. మళ్ళీ వెతికాను. "నలభై ఏడు నాన్నా, నలభై ఏడు!" అని పెద్దది తెలుగులో అరిచేసరికి రెండు నిమిషాలు పోయాయి. ఓడిపోయాం. ఎంత తేడాతోనో చెప్పను.

ఆ రాత్రి చిన్నోడు పళ్ళు తోముకుంటూ అక్కతో అంటున్నాడు, నాకు వినబడుతుందని తెలియక. నాన్న లేకుండా ఆడితే గెలిచేవాళ్ళమట. అక్క అంది, "లేదురా, నాన్న ఉండచ్చు, కార్డులు ముట్టుకోకుండా ఉంటే చాలు."

బోర్డ్ గేములు ఆడేవాళ్ళ భాషలో దీనికి పేరుంది, ఆల్ఫా ప్లేయర్. అందరూ కలిసి ఆడే ఆటల్లో ఒకడు తయారవుతాడు, "నువ్వు అది తియ్యి, నువ్వు ఇటు రా" అంటూ అందరి ఆటా వాడే ఆడేస్తాడు. మిగిలినవాళ్ళు చేతులు మాత్రమే. 2008లో పాండెమిక్ అనే ఆట వచ్చి ఈ రకం ఆటలు ఇల్లిల్లూ చేరినప్పటి నుంచీ ఉన్న ఫిర్యాదు. మా ఇంట్లో ఆ ఆల్ఫా ఎవరో చెప్పక్కర్లేదు. నాకు జర్మన్ రాకపోయినా అదే, స్టార్ వార్స్ తెలియకపోయినా అదే. తెలియనివాడికి పెత్తనం ఇంకా ఎక్కువ కావాలి కాబోలు. పిల్లలకి లెక్కలు చెప్పేటప్పుడు కూడా నేను పెన్సిల్ లాక్కుంటాను. మా నాన్న నా దగ్గర బలపం లాక్కున్నట్టే.

మా అక్కావాళ్ళు డాలస్ నుంచి వచ్చినప్పుడు తెచ్చిన స్కూబీ డూ కార్టూన్ ఆట పెట్టె దీనికి కొంత మందు. ఎవరి పాత్ర పుస్తకం వాళ్ళకే. షాగీ తింటాడు, కుక్క స్కూబీ వాసన చూస్తుంది, ఒక్కొక్కరికి ఒక్కో పని. స్కూబీ పుస్తకం చిన్నోడు తీసుకున్నాడు. గోడ, కార్పెట్, కనబడిన ప్రతిదీ వాసన చూశాడు, చాలావరకు అనవసరంగా. కానీ అది వాడి వంతు, మనం నోరెత్తడానికి లేదు. ఇంగ్లీషు ఆట కాబట్టి నాకు కొంచెం పరువు దక్కింది. అక్క ఊరెళ్ళాక పెట్టె అటకెక్కింది.

"మీ సినిమా ఒకటి చెయ్యి నాన్నా" అని పెద్దదే అంది ఈస్టర్ సెలవుల్లో. "నీకు అన్నీ తెలుస్తాయి, మాకేం తెలియదు. చూద్దాం."

వెటకారమో, బెట్టో తెలియదు. నేను మాత్రం రెండు వారాలు రాత్రిళ్ళు కూర్చున్నాను. సినిమా గురించి ఆలోచించక్కర్లేకపోయింది, మాయాబజార్. 1957 నాటి సినిమాలో ఎస్కేప్ గేముకి కావాల్సినవన్నీ సిద్ధంగా ఉన్నాయి. తెరిస్తే ఇష్టమైనవాళ్ళు కనిపించే ప్రియదర్శిని పెట్టె, ఎక్కితే నిజం కక్కించే సత్యపీఠం, ఊరంతా మాయ. పిల్లలకి ముందు ఒకసారి చూపించాం. రంగుల్లోకి మార్చి 2010లో విడుదల చేసింది చూపిస్తే సగంలో లేచిపోకుండా కూర్చున్నారు. ఘటోత్కచుడు శశిరేఖ వేషంలో ఉండే భాగానికి చిన్నోడు పడి పడి నవ్వాడు. మిగతాదానికి నిమిషానికోసారి "అంటే ఏంటి?" "అది చెప్తే నవ్వు రాదురా" అనబోయి ఆగాను.

మొదటి కవరులో పొడుపు కథ పెట్టాను, మా నానమ్మ అడిగేది. అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను, నీచే దెబ్బలు తిన్నాను, నిలువున ఎండిపోయాను, నిప్పుల గుండం తొక్కాను, గుప్పెడు బూడిదైనాను. ఏమిటది? అరగంటైంది. మాటలన్నీ అర్థమయ్యాయి. పెద్దది గోధుమపిండి అంది, రొట్టె అంది, చిన్నోడు ఫీనిక్స్ పక్షి అన్నాడు. చివరికి పిడక అని చెప్పాను. "పిడక అంటే?" చెప్పాను. ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. "ఆవు పేడని... చేత్తో... గోడకి?" వాళ్ళ తప్పేం లేదు. జీవితంలో చూడని వస్తువుని మాటలతో ఎలా పట్టుకుంటారు? స్టార్ వార్స్‌లో హోత్ అనే గ్రహం దగ్గర నేనూ అంతే. ఆ కవరు చించి పక్కన పడేశాం. చింపింది నేనే, గమనించారో లేదో.

రెండోది వివాహ భోజనం. విస్తట్లో వంటకాల బొమ్మలు గీశాను. పాటలో ఘటోత్కచుడు మొదట ఏవేవి పేరు పెట్టి పిలుస్తాడో ఆ వరుసలో మూడు రకాలు లెక్కపెడితే తాళం అంకెలు. గారెకి చిల్లుంటుంది కాబట్టి దొరికింది. బూరెకీ లడ్డుకీ తేడా నా బొమ్మలో నాకే తెలియలేదు. వరుస గుర్తులేక ప్రియదర్శిని తెరిచారు. అంటే ట్యాబ్‌ని పాత చెప్పుల పెట్టెలో పెట్టి మా అమ్మకి వీడియో కాల్. ఇక్కడ మధ్యాహ్నం మూడు, అక్కడ సాయంత్రం ఆరున్నర. ముందే చెప్పి ఉంచాను, హింటు మాత్రమే ఇవ్వాలి, జవాబు చెప్పకూడదని.

"గారెలు, బూరెలు, అరిసెలు. రాసుకున్నారా?" అంది మా అమ్మ, వీళ్ళు అడగకముందే.

"నానమ్మా, హింటు చాలు!"

"హింటేంట్రా? తెలిసింది చెప్పకుండా దాచుకుంటారా ఎవరైనా? ఇంకా ఏమున్నాయి, చెప్పండి, అవి కూడా చెప్తా."

పెద్దది నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

మూడో పజిల్ మీద నాకు చాలా గర్వం. సినిమాలో ఘటోత్కచుడి అనుచరులకి ఒత్తులు పలకవు కదా. అస్మదీయులని అసమదీయులంటారు, దుష్ట చతుష్టయాన్ని దుసట చతుసటయం చేస్తారు. దాన్నే రహస్య లిపి చేశాను. ఏ ఒత్తు కనిపించినా విప్పి పక్కన అక్షరంగా పెట్టేయడమే. కాగితం మీద ఇలా రాశాను: "వంటింటలో బియయం డబబాలో చెయయి పెటటండి." పది నిమిషాలైనా పడుతుందని నా లెక్క. ఒత్తులు బాగా వచ్చిన పెద్దదానికి నిజంగానే పట్టింది. "బియయం... డబబా..." అని గుణిస్తూ కూర్చుంది. మా ఆవిడ కూడా రెండోసారి చదివితే గానీ అందుకోలేదు. చిన్నోడు కాగితం ఒక్కసారి చూసి, లేచి, వంటింట్లోకి వెళ్ళి బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

"ఎలా తెలిసిందిరా?"

"రాసి ఉంది కదా" అన్నాడు. "ఇందులో పజిల్ ఏముంది?"

వాడు రాసేదే అలా. శనివారం తెలుగు క్లాసు నోటుబుక్కులో అమ్మ ఎప్పుడూ అమమే, అక్క అకకే. వారం వారం ఎర్ర సిరాతో దిద్దించుకొస్తాడు. ఇంట్లో నేను కూర్చోబెట్టి ఒక్కొక్క ఒత్తూ కింద రాయిస్తాను, పెన్సిల్ లాక్కుని. ఇవాళ ఇంటిల్లిపాదిలోకీ ఆ లిపి వాడికొక్కడికే వచ్చు. మా ఆవిడ స్నానం గౌను బెల్టు తెచ్చి వాడి మెడలో వీరతాడు వేసింది. అది వేసుకునే అన్నం తిన్నాడు.

చివరిది సత్యపీఠం. గుమ్మం ముందు కాలిపట్టా తెచ్చి హాల్లో వేశాను. శకుని నేనే. పట్టా మీద నిలబడితే ఒక్క ప్రశ్నకి, ఒకే ఒక్కదానికి, నిజం చెప్పి తీరాలి. "తాళం నంబరు ఎంత?" అని అడిగితే చెప్పేస్తాను, అట్టపెట్టె తెరుచుకుంటుంది, లోపల అమ్మ పార్సిల్ చేసిన అరిసెలున్నాయి. అంత సులువుగా రాసుకున్నాను. శకుని నవ్వు నవ్వుతూ పట్టా ఎక్కాను.

పెద్దది తమ్ముడి చెవిలో ఏదో చెప్పింది. వాడు తలూపాడు.

"లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌లో ఆ మడత నువ్వే కనిపెట్టావా, మూడో కార్డు చూశావా?"

"ఇది ఆటలో ప్రశ్న కాదు" అన్నాను.

"ఒక్క ప్రశ్న అన్నావు. ఏ ప్రశ్నో చెప్పలేదు. పట్టా దిగకు."

మా ఆవిడ వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ట్యాబ్‌లో మా అమ్మ కూడా ఇంకా ఉంది, ఎవరూ కాల్ కట్ చెయ్యలేదు.

"చూశాను" అన్నాను.

"నాకు తెలుసు. కార్డు తిరిగి పెట్టేటప్పుడు తలకిందులుగా పెట్టావు." అంత మాత్రమే అంది, కోపంగా కూడా కాదు. చిన్నోడు మాత్రం కాసేపు నన్నే చూశాడు. ఆ రోజు మెడకి వేలాడింది వాడే కదా. చేతిలో చాక్లెట్ ఉంటే ఇచ్చేవాణ్ణి. లేదు.

అడగాల్సిన ప్రశ్న అయిపోయింది, తాళం నంబరు తెలియదు. నా రూలు ప్రకారం ఓడిపోయారు. ఆ మాట అనడానికి నోరు తెరిచేలోపే చిన్నోడు డ్రాయర్ లాగి కత్తెర తెచ్చాడు. అట్టపెట్టె బోర్లించి అడుగున టేపు కోశాడు. తాళం తాళం లాగే ఉంది. అరిసెలు బయటికొచ్చాయి.

"కత్తిరించకూడదని రూల్సులో లేదు" అన్నాడు.

"వెయ్యండి ఇంకో వీరతాడు" అంది మా అమ్మ ట్యాబ్‌లోంచి.

పోయిన ఆదివారం కొత్త ఎగ్జిట్ పెట్టె తెరిచాం. సాయం కార్డుల కట్ట నాకివ్వలేదు. దానికి రబ్బరు బ్యాండు వేసి, పైన పసుపు చీటీ అంటించి, బల్ల మధ్యలో పెట్టారు. చిన్నోడి చేతిరాత: "నాననా, ముటటుకోకు."